టోకెన్ 47, మా అమ్మ మోకాళ్ళు

భీమవరంలో ఆ రెండంతస్తుల ఫిల్టర్ కాఫీ షాపుకి వెళ్ళొచ్చా అని ఈ నెలలో నన్ను ముగ్గురు అడిగారు. పేరు రాయడం లేదు, ఇందులో తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. బయట ఎప్పుడూ ఇరవై బళ్ళు అడ్డదిడ్డంగా పెట్టి ఉంటాయి, ఊళ్ళోవాళ్ళకి ఆ గుర్తు చాలు.

నేను రొయ్యల మేత అమ్మే కంపెనీలో పని చేస్తాను. ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు చెరువుల మీదకి నేనే వెళ్తాను. రైతులు టౌన్లోకి వచ్చినప్పుడు మాత్రం కూర్చుని మాట్లాడుకోవడానికి ఓ చోటు కావాలి. మా ఆఫీసులో ఏసీ ఉంది గానీ కాఫీ లేదు. అలా ఏడు నెలలుగా వారానికి రెండు మూడు సార్లు అక్కడే తేలుతున్నాను. ఏ కుర్చీకి కాలు ఊగుతుందో, ఏ ప్లగ్గులో ఛార్జర్ నిలవదో నన్నడగండి, చెప్తాను.

ముందు కాఫీ సంగతి. దానికి వంక పెట్టలేను. పాలు చిక్కగా కాస్తారు, డికాక్షన్ పొద్దున దింపింది సాయంత్రం దాకా నడిపించరు. కౌంటర్ వెనక పొడి డబ్బా మీద 80:20 అని రాసి ఉంటుంది, అంటే ఇరవై పాళ్ళు చికోరీ, కాఫీలో కలిపే ఒక వేరు పొడి. ఈ కలిపిన పొడిలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చని చట్టమే చెప్తోంది, ఎంత కలిపారో ప్యాకెట్ మీద వేస్తే చాలు. అది ఎక్కువైతే రంగు నల్లగా బాగుంటుంది, నాలుక మీద చేదు తప్ప ఇంకేం మిగలదు. ఇక్కడ ఆ గొడవ లేదు. గ్లాసులోంచి డబరాలోకి ఒక్కసారి తిరగపోస్తే చాలు, వాసన పక్క టేబుల్ దాకా వెళ్తుంది. పంచదార తక్కువ అంటే తక్కువే వేస్తారు, ఇది మన జిల్లాలో చిన్న విషయం కాదు.

ఇక కూర్చోవడం. కింద ఐదు టేబుళ్ళు. పైన ఏసీ, అక్కడ నాలుగు మామూలు టేబుళ్ళు, అద్దం పక్కన వరసగా ఎత్తు స్టూళ్ళు. ఆర్డరు కౌంటర్ దగ్గర చెప్పి, ఫోన్‌తో డబ్బు కొట్టి, టోకెన్ కాగితం పట్టుకుని మనమే ఖాళీ వెతుక్కోవాలి. ఎవరు ముందొచ్చారో రాసుకునే మనిషి లేడు. అందుకని ఏమవుతుందంటే, పెళ్ళి భోజనాల్లో తినేవాళ్ళ కుర్చీ వెనకే నిలబడి పాయసం ఎప్పుడవుతుందా అని చూస్తారే, సరిగ్గా అలా నిలబడతారు జనం. మీరు ఆఖరి గుక్క తాగుతుంటే చంటిపిల్లతో ఒకావిడ మీ భుజం మీదుగా గ్లాసులోకి చూస్తూ ఉంటుంది. ఆవిడ తప్పు కాదు. మీ తప్పూ కాదు.

కాలేజీ పిల్లల్ని చాలామంది తిడతారు, ఒక్క కాఫీ చెప్పి ల్యాప్‌టాప్ తెరిచి మూడు గంటలు లేవరని. నేను తిట్టలేను. నేను చేసేదీ అదే. కాకపోతే నా దగ్గర ల్యాప్‌టాప్ బదులు బాకీల పుస్తకం ఉంటుంది.

ఆ మధ్య ఆకివీడు దగ్గర్నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రెండు చెరువుల పట్టుబడికీ మేత బాకీ ఉంది. 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక మా దగ్గర ఇలాంటి మాటలు ఎవరికీ సుఖంగా లేవు. ఆయన వంద కౌంట్‌లోనే పట్టేయాల్సి వచ్చిందని, అంటే కిలోకి వంద తూగే చిన్న రొయ్య, చెప్పి తల దించుకున్నారు. ఇంకో ఇరవై రోజులు ఉంచితే కౌంట్ దిగి రేటు పెరిగేది, వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు భయంతో ఉంచలేకపోయారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక నలుగురు నిలబడి ఉన్నారు, ఒకతను మా టేబుల్ మీద హెల్మెట్ పెట్టేశాడు కూడా. పెద్దాయన లేచి, 'పదండి బాబూ, బయట మాట్లాడుకుందాం' అన్నారు. ఆయన గ్లాసులో సగం కాఫీ అలాగే ఉంది. మేము బండి మీద ఆనుకుని మిగతా లెక్క చూసుకున్నాం. ఒక పుస్తకం, ఒక పెన్ను పెట్టి వచ్చినవాళ్ళ పేర్లు వరసగా రాసుకుంటే ఈ గతి పట్టదు. మేనేజరు గారితో అన్నాను. 'రష్ టైములో అంతేనండీ' అన్నారు. అప్పుడు టైము పదకొండున్నర, మంగళవారం.

అసలు ఇది రాయడానికి కారణం మా అమ్మ.

అమ్మకి అరవై ఎనిమిది, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఓ సోమవారం మావుళ్ళమ్మ దర్శనం చేయించి, ఎండగా ఉంది కదా అని నేనే గొప్పగా ఈ షాపుకి తీసుకెళ్ళాను, తోడు మా చెల్లెలు. కింద ఒక్క కుర్చీ లేదు. పట్టుకుని పట్టుకుని పద్దెనిమిది మెట్లు ఎక్కించాం. పైన ఖాళీగా ఉన్నవి ఆ ఎత్తు స్టూళ్ళు మాత్రమే. అమ్మ దాన్ని కింద నుంచి పైకి చూసి, 'ఇది ఎక్కాలా? కొబ్బరి చెట్టు నయం కదరా, దానికి గాట్లన్నా ఉంటాయి' అంది. చెల్లెలు నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

మా టోకెన్ 47. నంబరు కింద కౌంటర్ దగ్గర కేకేస్తారు, పైన ఏసీ చప్పుడులో, పాటల్లో వినపడదు. పైన బోర్డు లేదు. పావుగంట చూసి నేను కిందకి దిగితే, మా ట్రే కౌంటర్ చివర ఎప్పట్నుంచో కూర్చుని ఉంది. మూడు కాఫీల మీదా మీగడ తెట్టు కట్టి, గ్లాసు అంచుకి గోధుమరంగు గీత ఎండిపోయి ఉంది. వేలితో ముట్టుకుంటే గ్లాసు గోరువెచ్చగా కూడా లేదు. 'నలభై ఏడు మూడుసార్లు పిలిచామండీ' అన్నాడు కౌంటర్ అబ్బాయి. నిజమే అయ్యుంటుంది.

టేబుళ్ళు తుడిచే కుర్రాడొకడు ఇదంతా చూశాడు. పంతొమ్మిది ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎవరూ చెప్పకుండానే క్యాష్ కౌంటర్ వెనక్కి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, మెట్ల కింద ఫ్యాన్ తగిలే చోట వేసి, పైకి వెళ్ళి అమ్మని తనే చెయ్యి పట్టుకుని దింపాడు. 'మామ్మగారూ, ఇక్కడ కూర్చోండి, కాలు చాపుకోండి.' తర్వాత వేడిగా ఇంకో మూడు కాఫీలు తెచ్చాడు. మేనేజరుని అడిగాడో లేదో నాకు తెలియదు, డబ్బులు మాత్రం మళ్ళీ తీసుకోలేదు. అమ్మ తాగి, 'కాఫీ బాగుందిరా, ఇంట్లో అయితే రెండు నిమిషాల్లో పెట్టేదాన్ని గానీ' అంది. రెండూ నిజమే.

అప్పుడు చూశాను బిల్లు. పైన కూర్చుంటే కాఫీ 60, కింద 40, ఆ సంగతి గోడ మీదే రాసి ఉంది, పేచీ లేదు. మూడు కాఫీలు 180, రెండు బన్ బటర్లు 140, మొత్తం 320. దాని కింద 'సర్వీస్ ఛార్జీ 5%' అని 16 రూపాయలు. ఆ రెండూ కలిపిన దాని మీద జీఎస్టీ 16.80. అంటే 352.80. ఆర్డరు నేనే చెప్పాను, ట్రే నేనే మోయబోయాను, ఖాళీ నేనే వెతుక్కున్నాను, అదీ దొరకలేదు. ఆ సర్వీసు ఎవరు ఎవరికి చేసినట్టు? ఆ కుర్రాడి చేతికి వెళ్తుందంటే పదహారు కాదు, యాభై ఇచ్చేవాణ్ణి. వాణ్ణే అడిగితే తనకి అందదన్నాడు.

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, హోటళ్ళు సర్వీస్ ఛార్జీని బిల్లులో తమంతట తాము కలపకూడదని. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. నేను ఈ మాట నెమ్మదిగానే చెప్పాను. 'సిస్టమ్‌లో దానంతటదే వచ్చేస్తుందండీ' అన్నారు మేనేజరు గారు, ఇంకో మాట లేకుండా తీసేసి 336కి బిల్లు మార్చి, 16.80 వెనక్కి పంపారు. అడిగితే తీస్తారు. అడగకపోతే ఉంటుంది. తీయనంటే 1915కి ఫోన్ చేయొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

మిగతావి చిన్న చిన్నవి. చేతులు కడుక్కునే చోట నీళ్ళు సన్నగా వస్తాయి. బన్ మామూలుగా ఉంటుంది, బిస్కెట్లు బయట కొనుక్కోవడం మేలు. టేబుల్ తుడిచే గుడ్డ మాత్రం మార్చాలి, ఒకే గుడ్డతో కింద ఐదూ పైన నాలుగూ తుడుస్తున్నారు.

వెళ్ళాలనుకుంటే పొద్దున పదికీ పదకొండుకీ మధ్య వెళ్ళండి, వాకింగ్ వాళ్ళు లేచిపోయి ఉంటారు, కాలేజీ పిల్లలు ఇంకా రారు. ఆదివారం సాయంత్రం వద్దు. సంక్రాంతి వారం అసలే వద్దు, హైదరాబాదు కార్లన్నీ ఆ వీధిలోనే ఉంటాయి. పెద్దవాళ్ళతో వెళ్తే పైకి ఎక్కకండి, మెట్ల కింద కుర్చీ వేయమని అడగండి, వేస్తారు.

వచ్చే సోమవారం అమ్మ మళ్ళీ గుడికి వెళ్దామంటోంది. కాఫీ ఊసు ఎత్తలేదు గానీ, 'ఆ పిల్లాడు ఇంకా అక్కడే చేస్తున్నాడా?' అని రెండుసార్లు అడిగింది.