పీజోమీటర్ రిపోర్టుకు డబ్బు కట్టే ముందు కేసింగ్ ఎత్తులు అడగండి

సెల్లార్‌లో నీరు ఊరుతోందనో, రీఛార్జ్ బోరు వేయాలనో భూగర్భజల సర్వే చేయించుకునే అపార్ట్‌మెంట్ కమిటీలకు ఇది జాగ్రత్త హెచ్చరిక. మా కమిటీ డబ్బు పోసి చేయించిన రిపోర్టులో నీరు నడిచే దిశే తలకిందులైంది.

పక్కపక్కనే రెండు పీజోమీటర్లు (ఒక నిర్ణీత లోతులోని నీటి మట్టం కొలిచే సన్నటి గొట్టాలు) దింపారు. తక్కువ లోతుదాంట్లో కేసింగ్ అంచు నుంచి 6.20 మీటర్ల కింద నీరు తగిలింది, ఎక్కువ లోతుదాంట్లో 6.85. దాన్నిబట్టి నీరు కిందికి దిగుతోందని, రీఛార్జ్ బోరు వేయొచ్చని రాసిచ్చారు. కానీ మొదటి కేసింగ్ నేలపైన 0.30 మీటర్లు ఉంటే, రెండోది 1.10 మీటర్లు ఉంది. నేల మట్టం రెండుచోట్లా 542.00 మీటర్లు. ఇప్పుడు లెక్క చూడండి: 542.30లోంచి 6.20 తీస్తే 536.10. 543.10లోంచి 6.85 తీస్తే 536.25. లోతు నీటి హెడ్డే (పైపులో నీరు నిలిచే మట్టం) 15 సెంటీమీటర్లు ఎక్కువ, అంటే ఇక్కడ నీరు పైకి వస్తోంది! స్లాటెడ్ పైపుల (నీరు లోపలికి రావడానికి చీలికలున్న భాగాల) మధ్యభాగాలు 10.5, 39 మీటర్ల లోతుల్లో ఉన్నాయి కాబట్టి 0.15ను వాటి మధ్య దూరం 28.5తో భాగిస్తే వాలు (మీటరు లోతుకు హెడ్ తేడా) 0.005. అంకె చిన్నదే, ఫలితం మాత్రం పూర్తిగా మారిపోయింది. ఇలాంటి చోట లోతుకు రీఛార్జ్ చేస్తే సెల్లార్ కింద ఒత్తిడి పెరిగి ఊట ఇంకా ఎక్కువయ్యే ప్రమాదముంది.

పాత వాడకం బోర్లలో టేపు దింపి దిశ చెప్పేవాళ్ళని అసలు నమ్మకండి. రాతినేలలో కేసింగ్ మెత్తరాయి దాకానే ఉంటుంది, కింద వందల అడుగులు తెరిచిన రంధ్రమే. అందులో కనిపించే మట్టం పగుళ్ళన్నీ కలిసిన మట్టం, ఏ ఒక్క లోతుదీ కాదు. పైగా ఆ బోరే నీటిని ఒక పగులు నుంచి ఇంకో పగులుకు చేరవేస్తుంటుంది.

సీలు (పైపు పక్కనుంచి నీరు పైకీ కిందికీ జారకుండా వేసే అడ్డు) దగ్గరా మోసపోతాం. స్లాట్ల చుట్టూ పోసిన గ్రావెల్ పైన బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) వేసి, ఆ పైన గ్రౌట్ (సిమెంటు లాంటి ముద్ద) పోయాలి. చాలాచోట్ల డ్రిల్లింగ్ మట్టినే తిరిగి తోసేస్తారు. అప్పుడు రెండు పైపుల్లోనూ మట్టం దాదాపు ఒకటే చూపిస్తుంది, "నిలువు ప్రవాహం లేదు" అని రిపోర్టు వస్తుంది. ఒకదాంట్లో బకెట్ నీళ్ళు పోయించండి. రెండోదాంట్లో వెంటనే మట్టం లేస్తే సీలు అనుమానించాల్సిందే.

పక్క ప్లాటులో మోటారు నడుస్తుంటే లోతు హెడ్ పడిపోయి దిశ తాత్కాలికంగా తిరగబడొచ్చు. మోటార్లన్నీ ఆగి, మట్టం నిలకడగా వచ్చాక రెండిటినీ వెంటవెంటనే కొలవాలి. మే నెలలో ఒకసారి, వర్షాలు పోయాక నవంబరులో ఒకసారి చూడాలి. తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే అయితే అది కొలత పొరపాటు కూడా కావచ్చు, దాని మీద దిశ తేల్చకూడదు. కోస్తాలో అయితే ఉప్పునీటి సాంద్రత కూడా సరిదిద్దాలి: 40 మీటర్ల సముద్రపు నీరు దాదాపు 41 మీటర్ల మంచినీటి ఒత్తిడికి సమానం.

బ్యాలెన్స్ ఇచ్చే ముందు ఆటో లెవెల్‌తో (మట్టాలు కొలిచే సర్వే పరికరం) తీసిన కేసింగ్ అంచు మట్టాలు, స్లాట్ల లోతులు, సీలు వివరాలు, తేదీ సమయాలతో సహా అసలు రీడింగులు రాతపూర్వకంగా తీసుకోండి. ఈ షరతు వర్క్ ఆర్డర్‌లోనే రాయించండి, పని అయ్యాక అడిగితే ఇవ్వరు.