బ్రెయిన్‌ఐఏకేలో ఐఎస్‌సీ: రెండేళ్లు వాడాక

స్కానర్‌లో సినిమా చూపించి తీసిన మా మెదడు డేటాలో తొమ్మిదో నంబర్ అమ్మాయి ఎదురుగా "సినిమా చూస్తూ నిద్రపోయింది, తీసేయాలి" అని రాసింది నేనే, ముందే ఒప్పేసుకుంటున్నా.

బ్రెయిన్‌ఐఏకే అంటే మెదడు స్కాన్ల డేటాని విశ్లేషించే పైథాన్ ప్యాకేజీ. దాని ఇన్‌స్టాల్ కష్టాలు వాడినవాళ్లందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ఈ ప్యాకేజీలో నాకు నచ్చింది ఒక్క ఐఎస్‌సీ ఫంక్షనే, అంటే ఇంటర్-సబ్జెక్ట్ కోరిలేషన్, ఒకే సినిమా చూసినవాళ్ల మెదళ్లు ఎంత కలిసి నడిచాయో కొలిచేది. సినిమాలో ఎప్పుడు ఏం జరిగిందో మనం గుర్తులు పెట్టక్కర్లేదు, ఒక్కొక్కరి ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో రక్తప్రవాహం మార్పుల్ని పట్టే స్కాన్) సిగ్నల్‌ని మిగతావాళ్ల సగటుతో పోల్చి చూస్తుంది, అంతే. 2004లో మెదడు పరిశోధకుడు హాసన్ బృందం ఐదుగురికి అరగంట సినిమా చూపించి పట్టుకున్న కిటుకు ఇలాంటిదే. మెదడులో రక్తప్రవాహం నాలుగైదు సెకన్లు ఆలస్యంగా స్పందించినా, ఆ ఆలస్యం అందరికీ దాదాపు ఒకటే కాబట్టి గొడవ లేదు.

తొమ్మిదో నంబర్‌కి మాత్రం శబ్దాలు వినే భాగంలో కూడా మిగతావాళ్లతో పోలిక దాదాపు సున్నా. మిగతావాళ్లందరికీ అన్నిటికన్నా బాగా కలిసింది అక్కడే మరి. ఆ రాత్రి బెంగళూరు వానకి కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమంటోంది, ఊరికే కూర్చోలేక ఆమె డేటా మొదట్లోంచి ఒక్కో స్కాన్ తీసేస్తూ మళ్లీ మళ్లీ నడిపించా. రెండు తీస్తే కాస్త కదిలింది, మూడుకి ఇంకాస్త, నాలుగు తీయగానే అందరితో కలిసిపోయింది, ఐదుకి మళ్లీ పడిపోయింది. మా టీఆర్ (ఒక్కో స్కాన్‌కి పట్టే సమయం) 1.5 సెకన్లు, అంటే సరిగ్గా ఆరు సెకన్ల తేడా. పొద్దున్నే స్కానర్ గదిలో లాగ్ పుస్తకం తిరగేస్తే, హెడ్‌ఫోన్ సర్దడంతో సినిమా లేటుగా మొదలైందని పెన్సిల్‌తో ఒక ముక్క రాసి ఉంది. "నిద్రపోయింది ఆ పిల్ల కాదురా, నువ్వు" అన్నాడు పక్క సీటు ఒంగోలు అన్న.

ఆ మురిపెంలో కనబడినవాళ్లందరికీ దీన్ని వాడమని చెప్పా, ఇప్పుడు కాస్త ఆగి చెబుతున్నా. కామెడీ సీన్‌కి అందరూ ఒకేసారి నవ్వితే తలలూ ఒకేసారి కదులుతాయి, పాపం దీనికి తల కదలికకీ మెదడు స్పందనకీ తేడా తెలియదు, ఫలితాల బొమ్మలో మెదడు అంచు చుట్టూ బాగా కలిసినట్టు ఎర్రటి గీత కనబడితే సంబరపడకండి. ఇద్దరేసి జంటలుగా పోల్చి మామూలు టీ-టెస్ట్ చేశారో, ఒకే మనిషి బోలెడు జంటల్లో ఉంటాడు కాబట్టి ఆ పీ వాల్యూని (ఫలితం యాదృచ్ఛికమా కాదా అని చూసే అంకె) నమ్మడానికి లేదు. దానికి బదులు వాడాల్సిన బూట్‌స్ట్రాప్, పర్మ్యుటేషన్ ఫంక్షన్లు (డేటానే మళ్లీ మళ్లీ కలిపి చూసి పరీక్షించేవి) ఇందులోనే ఉన్నాయి, మొదటి ఏడాది నేను వాటి జోలికే పోలేదు, అప్పటి స్లైడ్లు ఎవరికీ చూపించను.

నాది 16 జీబీ లాప్‌టాప్, ఇరవై మంది లోపు డేటా, పైథాన్ అలవాటే, ఆ మేరకు నాకు చాలు. ఒక్కొక్కరు కథని ఎలా వేరుగా అర్థం చేసుకున్నారన్నదే మీ ప్రశ్నయితే, ఉత్త ఐఎస్‌సీతో పని జరగదనుకుంటా.

తొమ్మిదో నంబర్ ఇప్పుడు డేటాలోనే ఉంది, మొదటి నాలుగు స్కాన్లు లేకుండా.