బ్లూస్ జూనియర్‌లో పాత ట్యూబులు: ఏళ్ళ తరబడి వాడి చూశాక

నా దగ్గరున్నది ఫెండర్ బ్లూస్ జూనియర్ అనే గిటార్ ఆంప్లిఫయర్, గాజు ట్యూబులతో (రేడియో వాల్వులతో) నడిచేది. 15 వాట్లు, 12 అంగుళాల స్పీకరు, ప్రీఆంప్‌కి (సిగ్నల్‌ని మొదట పెంచే భాగం) మూడు 12ఏఎక్స్7 ట్యూబులు, పవర్‌కి (స్పీకర్ని నడిపే భాగం) రెండు ఈఎల్84లు. ఆదివారం చర్చి, ముహూర్తాల్లో పెళ్ళి ఆర్కెస్ట్రా, మిగతా రోజుల్లో సత్యనారాయణపురంలో మేడ మీద గది, అన్నిటికీ ఇదొక్కటే. విజయవాడ మొత్తం మీద ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్ళు తక్కువే. కానీ ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే మాట ఒకటే: "పాత ముల్లార్డ్ ట్యూబ్ వేస్తే సౌండ్ మారిపోతుందట కదా అన్నా?"

మారుతుంది. కాకపోతే ఒక్క సాకెట్లోనే. మిగతా రెండింట్లో పాత ట్యూబులకి పెట్టిన డబ్బు కృష్ణార్పణం అనుకోవాల్సిందే.

గిటార్ జాక్‌కి దగ్గరగా ఉండేది మొదటి ట్యూబ్, వీ1 అంటాం. పికప్ (గిటార్ తీగల కింద ఉండే అయస్కాంతపు భాగం) నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే బక్క సిగ్నల్. దాన్ని ముందు అందుకునేది ఇదే. ఇక్కడ పుట్టిన హిస్ (బుస్సుమనే చప్పుడు) అయినా, గరగర అయినా వెనకున్న స్టేజీలన్నీ పెంచుకుంటూ పోతాయి. మంచి గుణమున్నా అంతే, అదీ స్పీకరు దాకా వస్తుంది. చివరిదైన వీ3 ఫేజ్ ఇన్వర్టర్, సిగ్నల్‌ని రెండుగా విడదీసి రెండు ఈఎల్84లకి పంచుతుంది. అందులో పాత ఆర్‌సీఏ ఒకటి, కొత్త జేజే ఒకటి మార్చి మార్చి పెట్టాను. మా కీబోర్డు కుర్రాణ్ణి ఆంప్ వైపు వీపు పెట్టి కూర్చోబెడితే ఏది ఏదో వాడు చెప్పలేకపోయాడు, వాయించిన నేనూ చెప్పలేకపోయాను. జేజే అంటే స్లొవేకియాలో ఇప్పటికీ తయారవుతున్నదే. వీ2, వీ3ల్లో అదే ఉంచేశాను, ఇంతవరకు ఏ ఇబ్బందీ పెట్టలేదు.

ఇక వీ1 సంగతి. ఇంగ్లాండులోని బ్లాక్‌బర్న్‌లో చేసిన ముల్లార్డ్ ఈసీసీ83 (12ఏఎక్స్7కే యూరప్ పేరు ఇది) చెప్పుకున్నంతా ఉంది. స్ట్రాట్ గిటార్‌లో నెక్ పికప్ (మెడకి దగ్గరగా ఉండేది) పెట్టి, వాల్యూమ్ 4 దగ్గర నెమ్మదిగా మీటితే మధ్య శ్రుతులు నిండుగా వస్తాయి. గట్టిగా మీటితే గీరుకోకుండా కొంచెం కొంచెంగా చిట్లుతుంది. మాకు తీగ లాగి గమకం పలికించే పని ఎక్కువ. లాగిన స్వరం చివరిదాకా సన్నబడకుండా నిలవాలి, అది దీంట్లో నిలిచింది. జర్మనీ టెలిఫంకెన్ వేరే రకం. చాలా శుభ్రం, మూల మూలలా వినిపిస్తుంది, హిస్ దాదాపు లేదు. రికార్డింగ్‌కి అంతకన్నా మంచిది నేను వినలేదు. కానీ ఆర్కెస్ట్రాలో ప్యాడ్లూ కీబోర్డూ మోగుతుంటే ఆ శుభ్రం ఎవరికి కావాలి? అక్కడ ముల్లార్డే పైకి తేలుతుంది. అమెరికా ఆర్‌సీఏ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. దాని మీద నాకు గట్టి అభిప్రాయమేమీ ఏర్పడలేదు.

ఇంత చెప్పాక, ఇప్పుడు నా ఆంప్‌లో ఉన్నది ఈ మూడూ కాదు.

వన్‌టౌన్‌లో ఒక పాత రేడియో మెకానిక్ గారున్నారు. తిరునాళ్ళకి తిరిగిన మైకుసెట్ల ఆంప్లిఫయర్లు ఆయన దగ్గర అటక నిండా పడి ఉన్నాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేవాళ్ళు, వాటిలో ఈసీసీ83 కూడా ఉంది. "గిటారుకి ఇవెందుకు అబ్బాయ్, నీకు ఫారిన్‌వి కావాలిగా" అంటూనే ఒక్కోటి ఊడదీసి టెస్టర్‌కి పెట్టి ఇచ్చారు. గాజు మీద బెల్ అన్న అక్షరాలు సగం చెరిగిపోయాయి, కాళ్ళు నల్లబడ్డాయి. ఐసోప్రొపైల్‌లో ముంచిన గుడ్డతో కాళ్ళు ఒక్కొక్కటే తుడిచి, ఇంటికొచ్చి వరసగా వీ1లో పెట్టి విన్నాను. కొన్ని గరగరమన్నాయి, పక్కన పెట్టేశాను. ఒకటి మాత్రం ముల్లార్డ్‌కి దగ్గర చుట్టంలా పలికింది. పైన తళుకు కాస్త తక్కువ, నిశ్శబ్దంలో మాత్రం దానికన్నా ఒక మెట్టు పైనే. ధర అడిగితే టీ డబ్బులతో పోయింది అనొచ్చు. అప్పటి నుంచి అదే నడుస్తోంది.

పేరు చూసి కాదు, నిశ్శబ్దం చూసి కొనమని నేననేది ఇందుకే. బ్లూస్ జూనియర్‌లో ట్యూబులు ఛాసిస్ నుంచి తలకిందులుగా వేలాడుతుంటాయి, స్పీకరు అదే పెట్టెలో దడదడలాడిస్తుంటుంది. లోపలి ప్లేట్లు పొడుగ్గా ఉన్న పాత ట్యూబులకి ఆ అదురు త్వరగా ఎక్కుతుంది, ట్యూబే మైకులా మారి కూయడం మొదలుపెడుతుంది. పొడుగు ప్లేట్ల ముల్లార్డ్ అంటే జనం ఎగబడతారు. విడిగా హెడ్ (ఆంప్), క్యాబినెట్ (స్పీకరు పెట్టె) ఉన్నవాళ్ళకి సరే, రెండూ ఒకే పెట్టెలో ఉండే కాంబో వాళ్ళకి పొట్టి ప్లేట్లవే నయం. పరీక్ష సులువు: వాల్యూమ్ పెంచి, గిటార్ పెట్టకుండా, పెన్సిల్ వెనక వైపుతో ట్యూబ్‌ని మెల్లగా తట్టాలి. చిన్న టక్ మామూలే. గంట కొట్టినట్టు ఖంగుమని సాగితే అది వీ1కి పనికిరాదు, వీ3కి పనికొస్తుంది. పారేయకండి.

నకిలీల గురించి కూడా చెప్పాలి. గాజు మీద రంగుతో వేసిన పేరుని నమ్మవద్దు, దాన్ని ఎవరైనా ఎక్కించగలరు. బ్లాక్‌బర్న్ ముల్లార్డ్‌కి కింది భాగంలో గాజు మీద బూడిద రంగులో రెండు వరసల చిన్న కోడ్ ఉంటుంది, రెండో వరస బి అక్షరంతో మొదలవుతుంది. టెలిఫంకెన్‌కైతే అడుగున కాళ్ళ మధ్య గాజులోనే చిన్న డైమండ్ గుర్తు పోతపోసి ఉంటుంది. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే కనబడుతుంది. అమ్మేవాణ్ణి ఆ రెండుచోట్లా ఫోటో అడగండి. "స్టాకులో బోలెడున్నాయి, అన్నీ ఒకటే" అంటే అక్కడితో వదిలేయండి. ట్యూబ్ తల మీద వెండిలా మెరిసే పూత తెల్లటి సున్నంలా మారిందంటే లోపలికి గాలి చేరినట్టే, ఇక దానికి టెస్టర్ కూడా అక్కర్లేదు. వంగిన కాళ్ళని కట్టింగ్ ప్లేయర్‌తో బలంగా తిప్పితే అడుగు గాజు చిట్లి ఇదే గతి పడుతుంది.

పాత యూరప్ ట్యూబులు కొన్ని ఆన్ చేయగానే ఒక్కసారి తళుక్కున మెరుస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళకి టెన్షన్ వస్తుంది. హీటర్‌లో (ట్యూబ్ లోపల వేడెక్కే తీగ) బయటికున్న కొస ముందు వేడెక్కడం వల్ల అలా అవుతుంది, రోగమేం కాదు.

గెయిన్ (సిగ్నల్ పెంపు) తగ్గించుకోవాలనుకునే వాళ్ళకి ఇంకో దారి ఉంది. 12ఏఎక్స్7 గుణకం, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తిని చెప్పే అంకె, 100. అదే సాకెట్లో కూర్చునే 5751కి 70, 12ఏవై7కి 45 దగ్గర. చర్చిలో శుభ్రమైన సౌండే కావాలంటే వీ1లో 5751 వేస్తే వాల్యూమ్ నాబ్ తిప్పడానికి చోటు దొరుకుతుంది. నేను ఉపవాస ప్రార్థనల రోజుల్లో అదే వాడుతుంటాను. 12ఏటీ7 గుణకం 60 కదా అని వీ1లో పెట్టి చూశాను. నా చెవికి పొడిపొడిగా ఉంది, తీసేశాను. ప్రీఆంప్ ట్యూబులు మార్చినప్పుడు బయాస్ (ట్యూబ్‌లో పారే కరెంటుని సరిచేసుకోవడం) గొడవ ఉండదు. స్విచ్ ఆపి, చల్లారాక, నిటారుగా లాగితే చాలు.

మన ఊళ్ళో ట్యూబుల్ని చంపేది వయసు కన్నా వోల్టేజీ. హీటర్‌కి 6.3 వోల్టులు, పది శాతం అటూ ఇటూ అయితే ఓర్చుకుంటుంది. కల్యాణ మండపాల్లో జనరేటర్ మీదికి మారినప్పుడు ఎంతొస్తుందో దేవుడికే తెలియాలి. చిన్న స్టెబిలైజర్ కొనకుండా టెలిఫంకెన్ కొనడం నాకైతే అర్థం కాదు. మే నెలలో ఆంప్ వెనక వైపుని గోడకి ఆనించి పెట్టొద్దు, ఈఎల్84ల వేడి పోయే దారి అదొక్కటే.

ముల్లార్డ్‌ని అమ్మలేదు, బీరువాలో ఉంది. టెలిఫంకెన్ స్టూడియో పని తగిలినప్పుడు బయటికొస్తుంది. ఆర్కెస్ట్రాకి వెళ్ళేటప్పుడు ఆంప్‌లో బెల్, బ్యాగులో గుడ్డ చుట్టిన జేజే ఒకటి ఉంటాయి. రాత్రి పదకొండింటికి పాట మధ్యలో వీ1 పోతే, స్విచ్ ఆపి గుడ్డ అడ్డం పెట్టి వేడి ట్యూబ్‌ని లాగి జేజే గుచ్చేస్తాను. చరణం అయ్యేలోపు సౌండ్ వచ్చేస్తుంది.