రెండేళ్లయినా పాత సిస్టమ్ ఐకాన్ తీసేయలేదు

కొత్త హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌కి మారి రెండేళ్లు దాటింది. మెడికల్ రికార్డ్స్‌లో పాత డేటా సరిచూసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది, వెతికితే వెంటనే దొరుకుతుంది. ఇబ్బంది అంతా అందులోకి ఎక్కించిన పాత రికార్డులతోనే.

మారిన రాత్రి లెక్క సరిపోయింది. పాతదాంట్లో ఎన్ని ఉన్నాయో కొత్తదాంట్లోనూ అన్నే. హమ్మయ్య అనుకున్నాం. మూడో రోజు వార్డు నుంచి సిస్టర్ ఫోన్: "మేడమ్, ఈయన పెన్సిలిన్ పడదంటున్నారు, స్క్రీన్ మీదేమో ఎలర్జీలు లేవని ఉంది!" పాతది తెరిచి చూస్తే ఎలర్జీ గడి ఖాళీ. కింద రిమార్క్స్‌లో 'పెన్సిలిన్ ఇస్తే దద్దుర్లు' అని ఎప్పుడో ఎవరో టైప్ చేశారు. ఖాళీ గడి కనిపించిన చోటల్లా మార్పిడి ప్రోగ్రామ్ 'ఎలర్జీలు లేవు' అని నింపేసింది. ఎవరూ అడగలేదేమో అన్న అనుమానం దానికెందుకు వస్తుంది? ఆ వారమంతా రిమార్క్స్ చదవడమే మా పని. టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

ల్యాబ్ రిపోర్టుల తప్పు ముందే, టెస్టింగ్‌లోనే బయటపడింది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ని పాత సిస్టమ్ లీటరుకు మైక్రోమోల్స్‌లో రాసేది, కొత్తది డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. ఒక మిల్లీగ్రాము అంటే అక్కడ 88.4. యూనిట్ ఊడిపోయి అంకె ఒక్కటే వచ్చేసరికి, ఆరోగ్యంగా ఉన్న మనిషికి క్రియాటినిన్ 88! అంత పెద్ద తప్పు కాబట్టే దొరికింది. తేదీలు అలా దొరకవు. పాతదాంట్లో రోజు ముందు ఉంటే ప్రోగ్రామ్ దాన్ని నెల అనుకుంది. రోజు 12 దాటితే ఎర్రర్ ఇచ్చింది గానీ, 04/07 మాత్రం జులై 4 కావాల్సింది ఏప్రిల్ 7 అయిపోయి చప్పుడు లేకుండా లోపలికి వెళ్లింది. మధ్యలో ఎవరో ఫైల్‌ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే రోగుల నంబర్ల ముందున్న సున్నాలూ ఎగిరిపోయాయి. అది మళ్లీ వేరే కథ.

డబుల్ రికార్డుల్ని పేరూ పుట్టిన తేదీ కలిస్తే చాలు కలిపేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు, గొడవే అయింది. కవలలుంటే, పేర్లలో ఒక్క అక్షరమే తేడా ఉంటే? రెండుగా ఉన్నవాటిని ఎప్పుడైనా కలపొచ్చు. ఒకసారి కలిసిపోయాక ఏ రిపోర్టు ఎవరిదో తేల్చడం నరకం.

మేం చేసిన ఒక్క మంచి పని పాత సిస్టమ్‌ని చూడ్డానికి మాత్రమే వీలుండేలా ఉంచడం. దాని ఖర్చు దండగ అని ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మొన్న మంగళవారం కూడా ఒకరి పాత ఆపరేషన్ నోట్స్ కోసం దాన్నే తెరిచాను.