అమరావతా, నాగార్జునకొండా: ఒక్కరోజులో ఏ మ్యూజియం?

రెండూ కేంద్ర పురావస్తు శాఖవే, రెండింటికీ శుక్రవారం సెలవు. రెండింట్లోనూ కనిపించేది పల్నాటి సున్నపురాతి చెక్కడమే.

అమరావతికి బస్సు దిగి నడిచి వెళ్లవచ్చు, రెండు గంటలు చాలు. అయితే 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ దృష్టిలో పడ్డాక ఇక్కడి బౌద్ధ స్తూపం పలకలు చాలావరకు చెన్నై ఎగ్మోరు మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ తరలిపోయాయి. ఇక్కడ మిగిలినవి తక్కువ. అది తెలియక వెళ్లినవాళ్లు నిరాశపడతారు. ముందు ఆవరణలోని స్తూపం నమూనా చూడండి. ఏ పలక ఎక్కడ ఉండేదో తెలిస్తేనే లోపలి ముక్కలు అర్థమవుతాయి.

నాగార్జునకొండది వేరే కథ. సాగర్ ఆనకట్ట నీటిలో లోయ మునగబోతోందని 1954 నుంచి 1960 వరకు తవ్వి, ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురిని వెలికితీశారు. దొరికిన శిల్పాల్లో అధికభాగం నీటి మధ్య దీవిగా మిగిలిన కొండ మీది మ్యూజియంలోనే ఉంది. బుద్ధుడి జీవిత ఘట్టాలు వరుసగా చదువుకోవాలంటే ఇదే మేలు. చిక్కల్లా పడవతోనే: గాలి ఎక్కువైతే ఆపేస్తారు, జనం చాలకపోతే కదలదు. అందుకే పొద్దున్నే విజయపురి సౌత్ రేవుకు చేరాలి, దీవిలో దిగగానే తిరుగు పడవ వేళ అడగాలి. మధ్యాహ్నం వెళితే శిల్పాలకు అరగంట కూడా మిగలదు.

పెద్దవాళ్లు వెంట ఉంటే అమరావతికి, రోజంతా తీరిక ఉంటే కొండకు.