‘ప్లానెట్ ఎర్త్ 2’: దృశ్యానికి దారి వదిలిన గొంతు

బీబీసీ 2016లో ప్రసారం చేసిన ప్రకృతి డాక్యుమెంటరీ శ్రేణి ‘ప్లానెట్ ఎర్త్ 2’ను మళ్లీ చూసినప్పుడు, నా దృష్టి చిత్రీకరణకంటే డేవిడ్ అటెన్‌బరో వ్యాఖ్యానం మీదే నిలిచింది. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. గాలాపగోస్‌లోని ఫెర్నాండినా దీవిలో, ఇసుకలోంచి అప్పుడే బయటపడిన సముద్రపు ఇగువానా (పెద్ద బల్లి జాతి జీవి) పిల్లను పాములు గుంపుగా తరిమే ఘట్టం మొదటి భాగంలో వస్తుంది. పాముల చూపు అంత చురుకైనది కాదనీ, కదలికను మాత్రం అవి పసిగడతాయనీ ఆయన ముందే చెబుతారు. పరుగు మొదలయ్యాక మాటలను బాగా తగ్గించేస్తారు. ఆ ఒక్క సమాచారం చేతిలో ఉండడం వల్లనే, పిల్ల కదలకుండా నిలబడిన క్షణాల్లో మన ఊపిరి కూడా బిగుసుకుంటుంది.

మొదటి ‘ప్లానెట్ ఎర్త్’ను అమెరికాలో డిస్కవరీ చానల్ హాలీవుడ్ నటి సిగోర్నీ వీవర్ గొంతుతో ప్రసారం చేసింది. ఆమె ఉచ్చారణ స్పష్టంగానే ఉంది; అయినా, అటెన్‌బరోలా జీవితకాలం ప్రకృతితో గడిపిన మనిషి మాటలోని చనువు నాకు అందులో దొరకలేదు.

ఈ రెండవ శ్రేణిలో నాకు నచ్చనిది ఒక్కటే: వ్యాఖ్యాత ఎంతో సంయమనంతో మిగిల్చిన నిశ్శబ్దాన్ని నేపథ్య సంగీతం చాలాచోట్ల నింపేస్తుంది. మన చానళ్లలో వచ్చే కొన్ని తెలుగు డబ్బింగులు ఆ ఖాళీని ఏకంగా మాటలతోనే నింపుతున్నాయి, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.