ఆయిల్ కూలర్ కారుతోందా: వెల్డింగ్ పెట్టించాలా, కొత్తది వేయాలా?

ఎండలు ముదిరాయంటే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి ఒకే ప్రశ్న పదే పదే వస్తుంది: "అన్నా, ఆయిల్ కూలర్ లీకంటున్నారు. వెల్డింగ్ పెట్టిస్తే ఆగుతుందా, కొత్తది కొనాల్సిందేనా?" ఆయిల్ కూలర్ అంటే ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచే భాగం. దీనికి ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేయాలి. కారేది బయటికా, లోపలికా? బండి వయసు, చేతిలో ఉన్న డబ్బు, మెకానిక్ ఇష్టం, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

బయటికి కారడమంటే ఆయిల్ నేల మీద పడటం. ఇంజన్ పక్కన తడి, గార్డు మీద నల్లటి జిడ్డు, రాత్రి ఆపిన చోట పొద్దునకు మరక కనిపిస్తాయి. ఇందులో చాలావరకు కూలర్ తప్పు ఉండదు. కూలర్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య లీకు ఆపే రబ్బరు ఓ-రింగులు వేడికి గట్టిపడి, గుండ్రంగా ఉండాల్సినవి బల్లపరుపుగా అణిగిపోతాయి. స్విఫ్ట్, డిజైర్ల 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌లో కూలర్ ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కే బిగించి ఉంటుంది. అక్కడ పై నుంచి కారిన ఆయిల్‌ని చూసి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి (సంప్) గ్యాస్కెట్ మార్చేసిన బండ్లు ఎన్నో. అందుకే ముందు డీగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, 20 నిమిషాలు ఇంజన్ నడిపి, టార్చ్ వేసి పై నుంచి కిందికి చూడండి. అన్నిటికంటే ఎత్తులో తడి ఎక్కడ మొదలైందో అక్కడే లీకు.

ఓ-రింగే అయితే బాగుచేయించడమే మేలు, ఇందులో రెండో మాట లేదు. సెట్టు ఖర్చు వందల్లో తేలిపోతుంది. వైటాన్ అనే వేడికి తట్టుకునే రబ్బరు రింగులే అడగండి, అవి 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. మామూలు నైట్రైల్ రబ్బరు 100, 120 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలుపెడుతుంది. ఆనే ముఖాన్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తుడవాలి. ఎమరీ కాగితం పెడితే గీతలు పడి, ఆ గీతల్లోంచే మళ్లీ కారుతుంది. రింగుకు కొత్త ఆయిల్ రాసి కూర్చోబెట్టి, బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఎంత బలంతో బిగించాలన్నది బండి మాన్యువల్‌లో చూసి బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ వాడండి. "గట్టిగా ఉంటుంది" అంటూ రింగు మీద సిలికాన్ పూయనివ్వకండి. పిండుకుని లోపలికి పోయిన ముక్క ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది.

ఇక లోపలి లీకు. ఈ ప్రశ్నకు అసలు జవాబు తేలేది ఇక్కడే.

ఇంజన్‌కు బిగించి ఉండే ప్లేట్ల కూలర్‌లో పల్చటి రేకు ఒక వైపు ఆయిల్, ఇంకో వైపు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే రేడియేటర్ నీళ్లు) ప్రవహిస్తాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి సుమారు 2 నుంచి 5 బార్ ఉంటే, కూలెంట్ ఒత్తిడి 1 బార్ చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి చిల్లు పడగానే ముందు ఆయిలే నీళ్లలోకి దూరుతుంది. కూలెంట్ పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ మూత (ఇంజన్ చల్లారాకే) తీస్తే రాగిజావ రంగులో జిగురు కనిపిస్తుంది. బండి ఆపాక పరిస్థితి తిరగబడుతుంది. ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది, వేడి కూలెంట్ మాత్రం ఇంకా ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడు నీళ్లు అదే చిల్లు గుండా ఆయిల్‌లోకి పోతాయి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు చూశారంటే ఇంజన్ స్టార్ట్ చేయకండి, బండిని కట్టి లాగించండి. కూలెంట్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని తినేస్తుంది.

ట్యాంకులో ఆయిల్ తేలగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది" అని ఇంజన్ పై భాగమైన హెడ్‌ని దించే షెడ్లున్నాయి. పొగగొట్టంలో తెల్ల పొగ లేదు, ట్యాంకులో బుడగలు రావడం లేదు, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే గొట్టాలు బిగుసుకోవడం లేదు అంటే ముందు అనుమానించాల్సింది కూలర్‌నే. హెడ్ ముట్టుకోకముందే దాన్ని ఊడదీసి పరీక్ష పెట్టించండి.

పరీక్ష ఇలా. ఆయిల్ వైపు ఒక రంధ్రాన్ని రబ్బరు వాషర్, రేకు పెట్టి బోల్టుతో మూయాలి. చేత్తో అదిమిపట్టిన బిరడా గాలి ఒత్తిడికి తుపాకీ గుండులా ఎగురుతుంది. రెండో రంధ్రంలోంచి 5 బార్ గాలి ఎక్కించి, 70, 80 డిగ్రీల వేడినీళ్లలో పది నిమిషాలు ముంచి ఉంచాలి. చన్నీళ్లలో మూసుకుపోయి ఉండే సన్నటి పగుళ్లు లోహం వ్యాకోచిస్తేనే తెరుచుకుంటాయి. కూలెంట్ రంధ్రంలోంచి బుడగలు వస్తే ఆ కూలర్ పని అయిపోయింది. ఒక్క బుడగా లేదంటే, ఆయిల్ దారీ నీళ్ల దారీ ఒకే ముఖం మీద ఉన్న డిజైన్లలో గ్యాస్కెట్ దగ్గర కలుస్తూ ఉండొచ్చు. అప్పుడు కొత్త గ్యాస్కెట్ చాలు.

కోర్‌కి, అంటే లోపలి ప్లేట్లకే చిల్లు పడితే మా మాట ఒక్కటే: కొత్తది వేయండి. ఆర్గాన్ వెల్డింగ్ ఎంత బాగా చేసేవాళ్లున్నా ప్లేట్ల మధ్యకు టార్చ్ వెళ్లదు. పైగా ఆ ప్లేట్లను అతికించిన బ్రేజింగ్ లోహం 600 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, అల్యూమినియం కంటే ముందే. ఒక చిల్లు పూడ్చబోతే పక్క అతుకు ఊడుతుంది. మన ప్రాంతంలో ఇంకో కారణం కూడా ఉంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తుంటారు. తీరం వెంబడి ఆ నీళ్లు ఉప్పు, కనిగిరి, పామూరు వైపు లవణాలు ఎక్కువ. ఉప్పులోని క్లోరైడ్ అల్యూమినియాన్ని ఒక్కచోట కాకుండా లోపలంతా గుంటలు గుంటలుగా తొలుస్తుంది. ఈరోజు ఒక గుంట చిల్లయిందంటే దాని పక్కవి కొన్ని నెలల వెనక వరుసలో ఉన్నట్టే.

కొన్ని బండ్లలో రేడియేటర్ ముందుండి, గాలితో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ సంగతి వేరు. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనక పోయేటప్పుడు ఎగిరిన రాయి తగిలేది దీనికే. దెబ్బ పక్క ట్యాంక్ మీదో, పైపు బిగించే మందపాటి బాస్ (మరల ఉన్న దిమ్మ) దగ్గరో అయితే వెల్డింగ్ నిలుస్తుంది. కానీ ముందు ఆయిల్ పూర్తిగా కడిగించి, వేడి చేసి ఆరబెట్టించాలి, లేకపోతే వెల్డింగ్‌లో గాలి బుడగలు మిగిలిపోతాయి. సన్నటి ట్యూబుకే చిల్లు పడితే, లేదా ఉప్పుగాలికి ఫిన్లు తెల్లపొడిగా రాలుతుంటే కొత్తదే. ఆయిల్ పైపును బిగించే బాంజో బోల్టుల (మధ్యలో రంధ్రం ఉండేవి) రాగి వాషర్లు మాత్రం ప్రతిసారీ మార్చండి.

మిగిలిన దారుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఎం-సీల్ లాంటి అతుకు ముద్దలు వేడి ఆయిల్ ఒత్తిడికి ఊడతాయి. కూలెంట్‌లో పోసే స్టాప్-లీక్ డబ్బా మందు ఆయిల్ లీకును ఆపదు, రేడియేటర్ సన్న గొట్టాలను మూస్తుంది. చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో దొరికే పాత కూలర్ పైకి బాగున్నా, అది బేరింగులు పోయిన ఇంజన్‌దైతే లోపల ఇరుక్కున్న లోహపు రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఆటోమేటిక్ బండ్లలో రేడియేటర్ అడుగున ఉండే గేర్ ఆయిల్ కూలర్ పగిలితే రేడియేటర్ మొత్తం మార్చండి, గేర్‌బాక్స్ ఆయిల్ కూడా.

కొత్త కూలర్ బిగించినంత మాత్రాన పని అయిపోదు. ఆయిల్ కలిసిన కూలెంట్ దారిని నురుగు తక్కువొచ్చే డిటర్జెంట్, వేడినీళ్లతో కడగాలి. థర్మోస్టాట్ తీసేసి, నీటి మీద జిడ్డు తెట్టు కనిపించకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగి, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. గొట్టాలు నొక్కి చూడండి. కూలెంట్ గొట్టాల రబ్బరు ఆయిల్ తాకితే ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటివి మార్చకపోతే హైవే మీద పగులుతాయి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే చవక ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి పది నిమిషాలు ఐడిల్‌లో తిప్పి దించేయండి. ఇంకా తెల్లగా వస్తే రెండోసారి కూడా. ఆ తర్వాతే అసలు ఆయిల్, మళ్లీ కొత్త ఫిల్టర్. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, ఫ్యాన్ తిరిగేదాకా నడిపి గాలి బయటికి తీయాలి.

మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంక్ మూత తీసి వేలు ముంచి చూడండి. పల్చటి జిడ్డు తగిలితే గొట్టాల్లో మిగిలిందే కావొచ్చు, ఇంకోసారి కడిగించండి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, దించిన ఆయిల్‌ని గాజు సీసాలో ఒక రాత్రి నిలవనిచ్చి అడుగున నీరు చేరిందేమో చూడండి.